క్యూబా నాటకం, వాట్సాప్ గ్రూపు, మరికొన్ని సంగతులు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శుక్రవారం తొమ్మిదో తరగతి సోషల్ పీరియడ్‌లో పిల్లలు క్యూబా నాటకం వేస్తుండగా తీసిన వీడియో మీ అందరి ఫోన్లకీ చేరిందని తెలిసింది. సైన్యాధికారి వేషం కట్టిన బాబు బల్ల గుద్ది "ఇంకా ఆలోచనేంటి, బాంబులు వేసేద్దాం" అంటాడు. వీడియో అక్కడితో అయిపోతుంది. ఆ రాత్రే గ్రూపులో "పిల్లలకు యుద్ధాలు నేర్పుతున్నారు" అని మొదలై, తెల్లారేసరికి "అమెరికా గొడవలు మనకెందుకు" దాకా వెళ్లింది. నేరుగా ఆఫీసుకొచ్చి అడిగిన ఇద్దరు ముగ్గురికి నిజంగా కృతజ్ఞతలు. మిగతావారి కోసం వీడియోలో లేని భాగం రాస్తున్నాను.

అమెరికాలోని ఫ్లోరిడాకు దాదాపు నూట యాభై కిలోమీటర్ల దూరంలోనే ఉన్న క్యూబాలో సోవియట్ క్షిపణులు ఉన్నాయన్న కబురు 1962 అక్టోబరు 16న అమెరికా అధ్యక్షుడు కెనడీకి అందింది. వెంటనే దాడి చేద్దామన్నారు చాలామంది. మొదట్లో ఆయన మొగ్గూ అటే. అయినా ఆరు రోజులు గుట్టు బయటపడనీయకుండా అందరి వాదనా విన్నాడు. 22న టీవీలో మాట్లాడేనాటికి దాడి మాట పక్కనపెట్టి, ఆయుధాలతో వచ్చే ఓడల్ని సముద్రంలోనే ఆపాలని తేల్చుకున్నాడు. దాంతో సోవియట్ నేత క్రుశ్చేవ్‌కు ఆలోచించుకునే వ్యవధి దొరికింది. 27న క్యూబా మీద అమెరికా యూ-2 గూఢచారి విమానాన్ని కూల్చేశారు, పైలట్ చనిపోయాడు. బదులు తీర్చుకుందామన్న సేనానులను కెనడీ ఆపాడు. క్రుశ్చేవ్ రాసిన మొదటి ఉత్తరం మెత్తగా ఉంది. రెండోది టర్కీలోని అమెరికా క్షిపణులూ తీసేయాలంటూ గట్టిగా ఉంది. మొదటిదానికి బాహాటంగా జవాబిచ్చి, రెండోదాని సంగతి మాట్లాడడానికి తమ్ముడు రాబర్ట్‌ను సోవియట్ రాయబారి దోబ్రినిన్ దగ్గరికి రహస్యంగా పంపాడు. 28న క్షిపణులు వెనక్కి తీసుకుంటామని మాస్కో రేడియో ప్రకటించింది. క్యూబాలో అప్పటికే చిన్న తరహా అణ్వాయుధాలు కూడా ఉన్నాయని అమెరికాకు ఏళ్ల తరవాత గానీ తెలియలేదు. బల్ల గుద్దినవాళ్ల మాట చెల్లి ఉంటే?

కెనడీని దేవుణ్ణి చెయ్యడం లేదు. 1961లో క్యూబా మీదికి మనుషుల్ని పంపి భంగపడిందీ ఆయన ప్రభుత్వమే. అది కూడా పిల్లలకు చెప్పాం.

ఇక కెనడీ పాత్ర వేసిన తొమ్మిది 'బి' అమ్మాయి. పేరు రాస్తే మా పిల్లల పేర్లేవని నలుగురు ఫోన్ చేస్తారు కాబట్టి రాయను. క్లాసంతా "కొట్టేద్దాం" అని అరుస్తుంటే "ఈ ఒక్క రాత్రీ ఆగండి" అని నిలబడింది. గ్రూపులో ఆ పిల్లను "పిరికి ప్రెసిడెంట్" అన్న పెద్దలున్నారు, పోనీలెండి. తరవాత నాతో ఏమందో తెలుసా? "కృష్ణుడు అయిదూళ్లకు దిగొచ్చినా అవతల దుర్యోధనుడు కదా మేడమ్, అందుకే రాయబారం చెడింది. ఇక్కడ క్రుశ్చేవ్ కూడా తగ్గాడు." రాయబారం పద్యాలకు వన్స్‌మోర్‌లు కొట్టే మన గుంటూరులో ఈ మాట ఎంతమంది పెద్దలకు తట్టింది? సైన్యాధికారి బాబునీ మెచ్చుకోవాలి. అంత బాగా ఎలా అరిచావంటే "ఇంట్లో అన్నం తినేటప్పుడు రోజూ చర్చా కార్యక్రమాలు చూస్తాం మేడమ్" అన్నాడు. కాస్త ఆ సమయానికి టీవీ కట్టేయగలరేమో చూడండి.

లైబ్రరీ పీరియడ్ తీసేసి ఐఐటీ ఫౌండేషన్ పెట్టమని మళ్లీ అర్జీ వచ్చింది. పెట్టను. సరిగ్గా ఆ క్యూబా గొడవ నడిచిన వారంలోనే, 1962 అక్టోబరు 20న, చైనా మన సరిహద్దు మీద పడిందని ఆ పీరియడ్‌లోనే ఒక కుర్రాడు పట్టుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, మార్కులూ లేవు. పాత సంచికలు తిరగేస్తూ తనే రెండు తేదీలూ కలుపుకుని, "ప్రపంచమంతా క్యూబా వైపు చూస్తుంటే మన గోడు ఎవరు విన్నారు సార్?" అని సోషల్ మాస్టారిని నిలదీశాడు. ఆ ప్రశ్న ఏ ఫౌండేషన్ మెటీరియల్లో దొరుకుతుంది? పదిహేనేళ్ల పిల్లవాడికి వారానికి ఒక్క గంట తన ఇష్టానికి చదువుకునే హక్కు లేకపోతే ఎలా? నేను ఈ కుర్చీలో ఉన్నంతకాలం లైబ్రరీ తలుపు తీసే ఉంటుంది.

రెండో టర్మ్ ఫీజు గడువు నెలాఖరు. కార్తీక వనభోజనాల అనుమతి పత్రాలు సోమవారంలోగా పంపండి. పిల్లల ప్రాజెక్టులు దయచేసి పిల్లలనే చెయ్యనివ్వండి. అమ్మల చేతిరాత మాకు తెలుసు.

వచ్చే శనివారం మధ్యాహ్నం మూడింటికి రెండో భాగం: 1963లో మాస్కో, వాషింగ్టన్‌ల మధ్య నేరుగా కబురందే ఏర్పాటు, అణు పరీక్షల నిషేధ ఒప్పందం. అందరూ రండి, మొదటి నుంచి చివరిదాకా కూర్చోండి. ఫోన్లు గేటు దగ్గరే ఇవ్వాలి. బళ్లు మాత్రం ఎదురింటి వారి గేటుకు అడ్డంగా పెట్టకండి, ఆయన ఇప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్లారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని