ఊయల తాడు

నంద్యాల,
ఆదివారం.

చి॥ల॥సౌ॥ సుజాతకు అమ్మ దీవించి రాయునది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్న మోకాలు ఎప్పటిలాగే. మూడు వారాలుగా నువ్వు ఫోనెత్తట్లేదు కాబట్టి ఇది రాసి బాబాయి చేతికిచ్చి పంపుతున్నా, ఉసిరి తొక్కుతో పాటు. తొక్కులో తడి గరిటె పెట్టొద్దు. చిన్నోడికి దగ్గు తగ్గిందా? రాత్రిపూట ఫ్యాను కింద పడుకోబెట్టకు.

మొన్న రమణమ్మత్త హైదరాబాదు నుంచి వచ్చింది. మీ ఫ్లాటు బాగుందంది. చిన్నోడిని ఎవరో ఆడపిల్ల చంకనేసుకుని తిప్పుతోందంది. ఎంతుంటుందే అంటే తన నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. ఆవిడ సంగతి తెలిసిందేగా, గోరంత చూస్తే కొండంత చెప్తుంది. సరే, ఆ మాట వదిలెయ్.

నిన్న పాత పెట్టె సర్దుతుంటే 1995 నాటి నా డైరీ దొరికింది. నీకప్పుడు ఏడాది. అప్పుడు నేను పాఠాలు చెప్పే పల్లెబడిలో నాలుగో తరగతిలో పదకొండు మంది ఆడపిల్లలుంటే, విత్తన పత్తి మొగ్గ తొడిగేసరికి ముగ్గురు మిగిలారు. ఆ పని నువ్వెప్పుడూ చూళ్లేదు. సాయంత్రం ఒక్కో మొగ్గా వలిచి, లోపలి పుప్పొడి గిల్లేసి, గుర్తుకి ఎర్ర కాగితం తొడగాలి. తెల్లారాక మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. క్రాసింగ్ అంటారు. పువ్వు ఆదివారమని ఆగదు, అందుకని పిల్లకీ సెలవు లేదు. పురుగుమందు కొట్టిన చేలోకే మళ్లీ దిగాలి. చిన్న వేళ్లయితే మొగ్గ నలగదనేవాళ్లు రైతులు. అసలు సంగతి కూలి. పెద్దవాళ్ల రేటు ఇవ్వలేక, ఇంట్లో గింజలు నిండుకున్న రోజు చూసి తండ్రి చేతిలో అడ్వాన్సు పెట్టి పిల్లను మాట్లాడుకునేవాళ్లు.

రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి వాళ్లు పనుల్లో ఉన్న పిల్లల్ని బడికి తెస్తున్నారని విని నాకూ పౌరుషం వచ్చింది. రిజిస్టరు పట్టుకుని చేనుగట్టు మీదికి పోయా. అయిదో సాలులో మా అంజనమ్మ, లెక్కల్లో ఎప్పుడూ ముందుండే పిల్ల. పసరుకి వేళ్లు నల్లబడున్నాయి. వాళ్ల నాయన్ని పిలిపించి అరగంట చెప్పా. ఆయన బీడీ ఆర్పి, మర్యాదగానే అడిగాడు: "టీచరమ్మా, మీ పాపకు ఊయల ఊపే పిల్ల ఏ బడికి పోతాంది?"

గట్టు దిగి వచ్చేశా.

ఓబులమ్మ నీకు గుర్తుండదు. దానికి పదేళ్లు. ఊయల తాడు చేతికి చుట్టుకునే నిద్రపోయేది, నువ్వు కదిలితే లేచేది. ఒకసారి పాలసీసా పగలగొట్టిందని చెంప మీద కొట్టా. మీ నాన్నక్కూడా చెప్పలేదీ మాట. అంజనమ్మ నాయన అలా అడిగాక మర్నాడే దాన్ని పంపేశాననుకునేవు. నీకు రెండేళ్లు నిండేదాకా ఉంచుకున్నా. నా ఉద్యోగం నడవాలి కదా.

అప్పట్లో చట్టం కూడా మాకు చుట్టమే. 1986లో తెచ్చిన బాలకార్మిక చట్టం ఇళ్లల్లోకి రాలేదు, మామూలు పొలం పనుల్లోకీ రాలేదు. ఇళ్లల్లో పిల్లల్ని పనికి పెట్టుకోకూడదన్నది 2006 అక్టోబరులో. 2016లో పద్నాలుగేళ్లలోపు వాళ్లు ఏ పనిలోనూ ఉండకూడదన్నారు, బడి అయ్యాక ఇంట్లోవాళ్లకు చేసే సాయం లాంటివి తప్ప. అదిగో, పాఠం మొదలెట్టా. చెప్పకూడదనే కూర్చున్నా. కానీ 'కడుపునిండా పెడుతున్నాం, బట్టలు కొంటున్నాం, వాళ్లూళ్లో ఉంటే ఇంకా కష్టం' అని మాత్రం నాతో అనకు. ఆ మూడూ నేను వాడి అరగదీసిన మాటలే.

అలాగని కంగారుపడి బస్సెక్కించెయ్యకు. ఆ అప్పుకి ఇంకో ఇంట్లో పెడతారు. తెచ్చిందెవరో, అడ్వాన్సు ఎంతిచ్చారో రాసిపెట్టు. ఆ డబ్బు తిరిగి అడగొద్దు. పక్క ఫ్లాటు వాళ్లు పిల్లల హెల్ప్‌లైను 1098కి చెప్పేలోపు మనమే చెప్పుకుందాం. బడి మానేసిన ఆడపిల్లలకి కస్తూర్బా బడులున్నాయి, ఉండటం తినడం అక్కడే. ఏ క్లాసులో మానేసిందో మెల్లగా కనుక్కో, గదమాయించకు. నీకు నా గొంతే వచ్చింది.

గురువారం రాత్రి బస్సుకి వస్తున్నా. చిన్నోడిని నేను చూసుకుంటా, ఎన్నాళ్లయినా సరే. నాన్నకి పిన్ని వండిపెడుతుంది. అల్లుడుగారికి చెప్పు, హాల్లో చాప వేసినా చాలు నాకు.

ఆ పిల్ల పేరు రమణమ్మత్త అడగలేదట. ఫోనెత్తకపోయినా మెసేజి పెట్టు. ఎత్తెంతో కూడా పెట్టు, గౌను బుధవారానికల్లా కుట్టిస్తానన్నాడు దర్జీ.

అమ్మ