బిల్లుండీ దొంగ ముద్ర ఎందుకు మోయాలి?

సంపాదకుడు గారికి నమస్కారం.

అశోక్‌నగర్‌లో చిన్న జిరాక్స్, ఇంటర్నెట్ సెంటర్ నడుపుకుంటున్నాను. గ్రూప్స్‌కు చదివే పిల్లలు దరఖాస్తులు నింపించుకోవడానికి, హాల్‌టికెట్లు తీయించుకోవడానికి వస్తుంటారు. నిరుడు దసరాకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో విండోస్‌తో కలిపి కొత్త ల్యాప్‌టాప్ తీసుకున్నాను. జీఎస్టీ కట్టిన పక్కా బిల్లు నా దగ్గరుంది. ఎండాకాలంలో దాని మదర్‌బోర్డు, అంటే లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు, పోయింది. వారంటీ ఉంది కాబట్టి సర్వీస్ సెంటర్‌వాళ్లు పైసా తీసుకోకుండా మార్చారు. అక్కడిదాకా బాగానే ఉంది.

షాపుకు తెచ్చి ఆన్ చేస్తే తెర కింద కుడి మూలన బూడిద రంగు అక్షరాలు: ‘యాక్టివేట్ విండోస్’. అంటే ఈ విండోస్‌కు లైసెన్స్ ఖరారు కాలేదని. ఏ ఫైలు తెరిచినా దాని మీద అవే. మర్నాడు ఒకమ్మాయి ఆధార్, మెమోలు ఉన్న పెన్‌డ్రైవ్ ఇవ్వబోతూ తెర చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ‘‘అక్కా, ఇది క్రాక్‌దా?’’ అని అడిగింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. నేనైనా అలాగే అడిగేదాన్ని. కానీ డబ్బు పెట్టి కొన్న వస్తువు ముందు కూర్చుని దొంగలా జవాబు చెప్పుకోవాల్సి రావడం నాకు చాలా కష్టమనిపించింది.

కారణం తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. ఒకప్పుడు విండోస్ లైసెన్స్‌కు గుర్తుగా ఇచ్చే 25 అక్షరాల కీ ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉండేది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి తయారీ కంపెనీలు దాన్ని మదర్‌బోర్డులోని చిప్‌లోనే రాసి పంపుతున్నాయి. స్టిక్కర్ చెరిగిపోయే బాధ తప్పింది, మంచిదే. కానీ బోర్డు మారిస్తే పాత బోర్డుతోపాటు కీ కూడా పోతుంది. కొత్త బోర్డులో కీ ఎక్కించే బాధ్యత తయారీ కంపెనీదే. పాడైన బోర్డుకు బదులు అలాంటిదే వేస్తే మళ్లీ లైసెన్స్ కొనక్కర్లేదు. బోర్డు మార్చినవాళ్లకు ఇదంతా తెలియదంటే నేను నమ్మను.

మళ్లీ సర్వీస్ సెంటర్‌కు వెళ్తే ‘‘హార్డ్‌వేర్ వరకే మాది, సాఫ్ట్‌వేర్ సంగతి కొన్న షాపులో అడగండి’’ అన్నారు. షాపులో అడిగితే ‘‘బోర్డు మార్చింది వాళ్లు కదా మేడం’’ అన్నారు. రెండు రోజులు షట్టర్ దించి తిరిగాను. చివరికి ఒక కుర్రాడు మూడొందలిస్తే ఐదు నిమిషాల్లో ఆ అక్షరాలు పోయేలా చేసేస్తానన్నాడు. ముందు యాంటీవైరస్ ఆపేయమన్నాడు. వందలమంది పిల్లల ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు స్కాన్ చేసే యంత్రంలో యాంటీవైరస్ ఆపి, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్ ఎక్కించాలా? కుదరదని పంపించేశాను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ఆగిపోయింది. దాంతో పాత కంప్యూటర్ మార్చాలనుకుని, కొత్తది కొనే స్తోమత లేనివాళ్లు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు చూస్తున్నారు. కొనేముందు ఒక పని చేయండి. కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ) తెరిచి ‘ఎస్ఎల్ఎంజీఆర్’ అని కొట్టి, ఖాళీ వదిలి, ‘స్లాష్ డీఎల్ఐ’ కొట్టండి. ఓఈఎం (తయారీ కంపెనీ ఇచ్చింది) అనో రిటైల్ (విడిగా కొన్నది) అనో వస్తే కొంత నిశ్చింత. వాల్యూమ్ అని, పక్కన కేఎంఎస్ అని వస్తే అది పెద్ద ఆఫీసులకు ఇచ్చే రకం. 180 రోజుల్లోపు ఆ ఆఫీసు సర్వర్‌ను అందుకోలేకపోతే మీ తెర మీదా ఆ బూడిద అక్షరాలే వస్తాయి. అప్పటికి షాపువాడి వారంటీ కూడా అయిపోయి ఉంటుంది.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. కంప్యూటర్ బిల్లు మీద మోడల్, సీరియల్ నంబరు రాసినట్టే ఏ రకం లైసెన్స్ ఇచ్చారో కూడా రాయాలి. మదర్‌బోర్డు మార్చి ఇచ్చేటప్పుడు కస్టమర్ ఎదుట విండోస్ యాక్టివేట్ అయిందని చూపించి, జాబ్‌షీట్‌లో ఆ మాట రాసి సంతకం పెట్టాలి. సేవలో లోపానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఎలాగూ ఉంది. కానీ మూడొందల పనికి వినియోగదారుల కమిషన్ దాకా ఎంతమంది వెళ్తారు? పౌరసరఫరాల శాఖ అధికారులు పార్క్‌లేన్ షాపులకు, సర్వీస్ సెంటర్లకు ఈ రెండు మాటలు ఆదేశంగా ఇస్తే చాలు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. జవాబు కోసం చూస్తున్నాను. ఈలోగా ఆ ల్యాప్‌టాప్‌ను ప్రింట్లకే వాడుతున్నాను. పిల్లల కాగితాల స్కానింగంతా పాత డెస్క్‌టాప్ మీదే చేస్తున్నాను.

ఇట్లు,
ఒక జిరాక్స్ సెంటర్ నిర్వాహకురాలు,
అశోక్‌నగర్, హైదరాబాద్