పంతొమ్మిది రాత్రులు సగం బ్యాకప్: మా కస్టమర్లకు ఉన్నదున్నట్టు

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడే కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు, డోన్ షాపుల వాళ్లకు, ఉల్లి మండీల వాళ్లకు నమస్కారం.

గత నెల 3 నుంచి 21వ తేదీ దాకా మా సర్వర్‌లో ఉన్న మీ లెక్కలకు సరైన బ్యాకప్ లేదు. రోజూ రాత్రి ఒంటిగంటకు బ్యాకప్ నడిచింది. "బ్యాకప్ పూర్తయింది" అని నా ఫోన్‌కు మెసేజ్ కూడా వచ్చింది. ఫైలు తెరిచి చూస్తే మాత్రం అందులో సగం డేటానే ఉంది. చివరికి ఎవరి బిల్లూ పోలేదు. అయితే అందులో మా గొప్పతనం ఏమీ లేదు, అదృష్టమే ఎక్కువ. అందుకే జరిగిందంతా రాస్తున్నాను.

22వ తేదీ పొద్దున ఎమ్మిగనూరు నుంచి ఎరువుల షాపు అన్న ఒకాయన ఫోన్ చేశాడు. 2022 ఖరీఫ్ బిల్లు ఒకటి తెరుస్తుంటే ఎర్రర్ వస్తోందట, ఆడిటరు కూర్చుని ఉన్నాడట. జీఎస్టీ లెక్కలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి కాబట్టి, పాత బిల్లే కదా అని వదిలేయడానికి లేదు. సర్వర్ లాగ్ చూశాను. ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్. డిస్కులో ఒక చోట సెక్టార్లు పాడై, అక్కడున్నది చదవలేకపోతున్నానని డేటాబేస్ చెబుతోంది. ఐదేళ్లకు దగ్గరపడిన డిస్కు. పాడవుతున్న సెక్టార్ల లెక్క డిస్కే తనలో రాసి పెట్టుకుంటుంది, దాన్ని స్మార్ట్ రిపోర్ట్ అంటారు. తెరిచి చూసిన పాపాన పోలేదు మేం.

సరే, బ్యాకప్ ఉంది కదా అని ముందురోజు ఫైలు తెరిచాను. బిల్లు వివరాల టేబుల్ మధ్యలో తెగిపోయింది. దాని ముందురోజుదీ అంతే. పద్నాలుగు ఫైళ్లూ సరిగ్గా ఒకే చోట తెగాయి. 2.6 జీబీ ఉండాల్సిన ఫైలు 1.1 జీబీకి దిగినా మాలో ఒక్కరూ గమనించలేదు. మేం పద్నాలుగు రోజుల కాపీలే ఉంచుకుంటాం, కొత్తది రాగానే అన్నిటికన్నా పాతది చెరిగిపోతుంది. అలా 2వ తేదీ నాటి చివరి మంచి కాపీని 16వ తేదీ రాత్రి బ్యాకప్ నడిపే మా స్క్రిప్టే (కమాండ్ల జాబితా) చెరిపేసింది. అది చూసినప్పుడు నాకు నిజంగా కాళ్లు వణికాయి.

తప్పు ఎక్కడ జరిగిందో ఉల్లి మండీ వాళ్లకు ఒక్క ముక్కలో అర్థమవుతుంది. ఒక హమాలీ రాశిలోంచి ఉల్లిగడ్డలు సంచికి ఎత్తుతుంటాడు, రెండోవాడు మూతి కుడుతుంటాడు. ఎత్తేవాడు సగంలో కళ్లు తిరిగి పడిపోయాడు. కుట్టేవాడు తన దగ్గరికి వచ్చినంతవరకు శుభ్రంగా కుట్టేశాడు. మనం పోయి కుట్టేవాణ్ణి మాత్రమే "పని అయిందా?" అని అడిగితే, అయిందనే అంటాడు. వాడు అబద్ధం చెప్పలేదు. మా స్క్రిప్టులో, మేం వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ నుంచి డేటా తీసే పీజీ డంప్ అనే ప్రోగ్రాం మొదటి హమాలీ, దాన్ని కుదించే జీజిప్ రెండోవాడు. మొదటివాడు తీసింది నేరుగా రెండోవాడికి అందేలా ఇద్దరినీ పైపుతో కలిపినప్పుడు, స్క్రిప్టును నడిపే షెల్ మామూలుగా చివరివాడి జవాబునే లెక్కలోకి తీసుకుంటుంది. పైప్‌ఫెయిల్ అని ఒక్క మాట రాసి ఉంటే ఇద్దరిలో ఎవరు పడినా తెలిసేది. అది రాయలేదు. స్క్రిప్టు రాసింది నేనే, మా కుర్రాళ్ల తప్పు ఇందులో లేదు.

ఈ సంగతి పెద్ద మార్కెట్ దగ్గర మన మండీ అన్న ఒకాయనకు చెబితే, "ఏమప్పా, దొంగలు పడిన ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టుంది నీ కథ" అన్నాడు. కాదన్నా, అంతకన్నా అధ్వానం. ఆ పాత బిల్లు జోలికి పగలంతా ఎవరూ పోరు. బ్యాకప్ మాత్రం ప్రతి రాత్రీ మొదటి బిల్లు నుంచి చివరి బిల్లు దాకా చదవాల్సిందే. అంటే డిస్కు పాడైందని అందరికన్నా ముందు, 3వ తేదీ రాత్రే దానికి తెలిసింది. ఎర్రర్ చెప్పింది కూడా. కుక్క వేళకే మొరిగింది, దాని మూతి కట్టేసింది నేను.

డేటా ఎలా దక్కిందంటే, ప్రతి నెలా 1వ తేదీన చేత్తో ఒక కాపీ బయటి డిస్కులోకి తీస్తాం. అది మంచిగా ఉంది. సర్వర్‌లో పాడైనవి రెండే బ్లాకులు, ఒక్కోటి 8 కేబీ. వాటిని వదిలేసి మిగతాదంతా కొత్త డిస్కులోకి లాగాం. ఆ రెండు బ్లాకుల్లోని 137 వరుసలను 1వ తేదీ కాపీలోంచి తెచ్చి పెట్టాం. ఒక్కో బిల్లు వరుసలు కూడి, బిల్లు మీద విడిగా ఉన్న మొత్తంతో పోల్చాం. పైసలతో సహా సరిపోయింది. ఆ వరుసలు పదకొండు షాపులవి, వాళ్లందరికీ విడిగా ఫోన్ చేశాను. 2వ తేదీ కాపీ చెరిగాక డిస్కు పూర్తిగా చచ్చిపోయి ఉంటే 1వ తేదీ తర్వాత మీరు కొట్టిన ప్రతి బిల్లూ పోయేది. సీజన్‌లో మూడు వారాల ఉల్లి పట్టీలు, రైతుల బాకీలు. మీలో చాలామందికి 2009 అక్టోబరు వరద గుర్తుంది. "పుస్తకాలైతే తడుస్తాయన్నా, కంప్యూటర్‌లో అయితే భద్రం" అని చెప్పి మీకు ఈ సాఫ్ట్‌వేర్ అమ్మాను. ఆ మాట ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

ఆ తర్వాత రెండు వారాలు కొత్త ఫీచర్ల పని పక్కనపెట్టి ఒకటే పరీక్షించాం: డిస్కు మొరాయిస్తే మా బ్యాకప్ ఏం చేస్తుంది? నిజమైన చెడిపోయిన డిస్కు మనకు కావలసిన చోట చెడదు కదా. సర్వర్‌ను నడిపే లైనక్స్‌లో దీనికి ఏర్పాటు ఉంది. డిస్కులకూ ప్రోగ్రాంలకూ మధ్య ఉండే డివైస్ మ్యాపర్‌లో డస్ట్ అనే భాగం 2019లో 5.2 కెర్నల్‌తో (కెర్నల్ అంటే లైనక్స్ గుండెకాయ) వచ్చింది. ఫలానా బ్లాకు చెడిపోయిందనుకో అంటే, అక్కడ చదవబోయిన ప్రోగ్రాంకు నిజం డిస్కులాగే ఎర్రర్ ఇస్తుంది. మీ డేటా నకలు మీద మాత్రమే ఈ ఆటలు ఆడాం, అసలు సర్వర్ జోలికి పోలేదు.

చదివేటప్పుడు ఎర్రర్ వచ్చే పరీక్షలో పాత స్క్రిప్టు అనుకున్నట్టే బోల్తా పడింది, కొత్తది పట్టుకుంది. బ్యాకప్ పెట్టే డిస్కు నిండిపోతే ఏమవుతుందని చూస్తే ఒక తమాషా బయటపడింది. అప్పుడు పడిపోయేది కుట్టేవాడు కాబట్టి పాత స్క్రిప్టు కూడా ఎర్రర్ చెప్పింది. చెప్పి, సగం ఫైలును మంచి పేరుతోనే అక్కడ వదిలేసి, పాత కాపీని యథావిధిగా చెరిపేసింది! ఇప్పుడు బ్యాకప్ ముందు తాత్కాలిక పేరుతో తయారవుతుంది. పూర్తయి, తనిఖీ దాటాకే అసలు పేరు వస్తుంది. ఆ తర్వాతే పాతది చెరుగుతుంది. ఫైలు సైజు నిన్నటికన్నా పది శాతం తగ్గినా ఆగిపోతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టింది మూడో పరీక్ష. బయటి డిస్కులోకి కాపీ చేస్తుండగా అది రాతలో ఎర్రర్లు ఇచ్చేలా పెట్టాం. కాపీ కమాండ్ ఏ ఇబ్బందీ లేకుండా "అయింది" అంది. ఎందుకంటే కాపీ కమాండ్ డేటాను మెమరీకి అప్పజెప్పి వెళ్లిపోతుంది, డిస్కు మీద రాసేది కెర్నల్, అదీ తర్వాత తీరుబడిగా. ఎర్రర్ వచ్చేసరికి అడిగేవాడు ఎవడూ ఉండడు. సరే, తిరిగి చదివి పోలుద్దామని చూస్తే అంతా సరిగ్గానే ఉంది! అది కూడా మెమరీలోంచే వస్తోంది మరి. ఎఫ్‌సింక్ అనే పిలుపుతో నిజంగా రాశావా అని గట్టిగా అడిగి, డిస్కును కంప్యూటర్ నుంచి విడదీసి, మళ్లీ తగిలించి చదివితేనే అసలు సంగతి తెలుస్తుంది. ఎఫ్‌సింక్ దగ్గర పోస్ట్‌గ్రెస్ వాళ్లే బోల్తా పడ్డారు. ఒకసారి విఫలమైతే మళ్లీ అడిగితే సరిపోతుందని అనుకునేవాళ్లు. లైనక్స్ మాత్రం ఎర్రర్ ఒకసారి చెప్పేసి, డిస్కు మీద రాయని పేజీలను (మెమరీలోని డేటా ముక్కలను) రాసినట్టే గుర్తుపెట్టుకుని, రెండోసారి "అంతా బాగుంది" అనేది. ఇది 2018లో బయటపడింది. 2019 ఫిబ్రవరి విడుదలల నుంచి అలాంటి ఎర్రర్ వస్తే పోస్ట్‌గ్రెస్ మొండికేసి ఆగిపోయి, తన లాగ్ నుంచి మళ్లీ లేస్తుంది. అది సరైన పనే అని నాకు ఇప్పుడు అనిపిస్తోంది.

నాలుగోది ఎర్రరే రాని పరీక్ష. నకలు డేటాబేస్ ఫైలులో ఒక్క బైటు మార్చాం. డిస్కు ఏమీ అనలేదు, బ్యాకప్ ఏమీ అనలేదు, ఒక బిల్లులో మొత్తం మాత్రం మారిపోయింది. మా డేటాబేస్‌లో చెక్‌సమ్‌లు, అంటే బ్లాకులో డేటా మారితే పట్టించే సరిచూపు అంకెలు, లేకపోవడమే కారణం. 2025లో వచ్చిన 18వ వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్ వాటిని అడక్కుండానే పెడుతుంది, మేం మొదలుపెట్టినప్పుడు అడిగితేనే పెట్టేది. చెక్‌సమ్‌లు పెట్టి అదే బైటు మారిస్తే బ్యాకప్ వెంటనే ఆగింది.

ఇక మెసేజ్ సంగతి. ఇన్నాళ్లూ బాగుంటే మెసేజ్ వచ్చేది. ఇప్పుడు పొద్దున ఆరులోపు తనిఖీ దాటిన బ్యాకప్ కనబడకపోతే వేరే ఊళ్లో ఉన్న ఇంకో కంప్యూటర్ నా ఫోన్ మోగిస్తుంది. ప్రోగ్రాంల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ అంతటి సంస్థకే 2017 జనవరి 31న ఇలాంటి దెబ్బ తగిలింది. వెర్షన్ తేడా వల్ల పీజీ డంప్ విఫలమవుతున్నా, ఆ సంగతి చెప్పే మెయిల్స్ తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. దాచకుండా వాళ్లే అంతా రాశారు. చదివి కూడా నేను నా స్క్రిప్టు తెరిచి చూసుకోలేదు.

ప్రతి ఆదివారం ఒక బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో మొత్తం తిరిగి నిలబెట్టి, షాపువారీగా బిల్లుల సంఖ్య, మొత్తం పోలుస్తున్నాం. ఆ రెండు అంకెలు సోమవారం మీకు పంపుతాం. మీ లెక్కతో తేడా వస్తే దయచేసి ఊరుకోకండి. కొత్త డిస్కులకూ ఆ రెండో కంప్యూటర్‌కూ అయిన ఖర్చు మాదే, ఈ ఏడాది చందా పెంచడం లేదు.

సొంత కంప్యూటర్‌లో మా పాత వెర్షన్ నడిపే మెడికల్ షాపుల వాళ్లకు ఒక మాట. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అయిందని రాగానే లాగేయకండి. పద్ధతిగా తీసి, మళ్లీ పెట్టి, ఫైలు తెరిచి ఆ రోజు చివరి బిల్లు కనిపిస్తోందో లేదో చూడండి. ఎన్నేళ్లనుంచో ఒకటే పెన్‌డ్రైవ్ వాడుతున్నవాళ్లు ఇంకోటి కొనండి.

చెక్‌సమ్‌లు పెట్టడానికి డేటాబేస్ ఆపాలి. ఈ ఆదివారం రాత్రి 10 గంటల నుంచి సర్వర్ ఉండదు. ఉల్లి వేలం టెన్షన్ పెట్టుకోవద్దు, సోమవారం తెల్లవారుజామున 4 గంటలకల్లా లేస్తుంది. లేవకపోతే నాకే ఫోన్ చేయండి, ఆ రాత్రి ఆఫీసులోనే ఉంటాను.