ఆ కంచు పాత్రలు మైనపు పోత కావు, మట్టి అచ్చులవి

సంపాదకులకు,

ప్రాచీన చైనా మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో ఒక పొరపాటు దొర్లింది. షాంగ్ రాజుల కాలపు కంచు పాత్రలను మైనపు పోతతో చేశారని రాశారు. మైనపు పోత మన ఆదిలాబాద్ డోక్రా బొమ్మలది: లోపల మట్టి ముద్ద, దాని మీద మైనపు తీగలతో అల్లిన రూపం, ఆ పైన మళ్లీ మట్టి. కాలిస్తే మైనం కరిగిపోయి, ఆ ఖాళీలోకి లోహం దిగుతుంది. షాంగ్ రాజధాని అన్‌యాంగ్‌లో మైనంతో పని లేదు, అంతా మట్టే. చిన్న తేడాయే కదా అని వదిలేయడానికి లేదు. ఆ పద్ధతి అక్కడి నేల గుణంలోంచి పుట్టింది.

హువాంగ్ హో నది మధ్య భాగమంతా గాలి మోసుకొచ్చి పోసిన పసుపురంగు లోయస్ మట్టి. చాలాచోట్ల వంద మీటర్లకు పైగా మందం. పిండిలా సన్నం, జిగురు మాత్రం తక్కువ. మన చెరువు బంకమట్టితో అచ్చు చేస్తే ఆరేటప్పుడు ముడుచుకుపోయి నెర్రెలిస్తుంది. లోయస్ అంతగా ముడుచుకోదు. గీసిన గీతను గీసినట్టే పట్టి ఉంచుతుంది. కాలాక సన్నని రంధ్రాలు మిగులుతాయి కాబట్టి పోత పోసేటప్పుడు గాలికి దారి దొరుకుతుంది.

ముందు పాత్ర రూపాన్ని మట్టితో చేసి నగిషీ చెక్కేవారు. అది ఆరాక చుట్టూ తడి మట్టి అదిమి, సగం ఆరినప్పుడు ముక్కలుగా కోసి ఊడదీసేవారు. మూడు కాళ్ల పాత్రకు సాధారణంగా మూడు నిలువు ముక్కలు. ఒక ముక్క అంచున బొడిపె, పక్క ముక్కలో దానికి సరిపడే గుంట ఉంటే మళ్లీ కూర్చినప్పుడు జరగవు. లోపలికి ఇంకో మట్టి దిమ్మ కావాలి, అది పాత్ర గోడ మందమంత చిన్నదిగా ఉండాలి. అన్నీ కాల్చి, కాళ్లు పైకి వచ్చేలా తలకిందులుగా నిలబెట్టి, దిమ్మకూ అచ్చుకూ మధ్య ఎడం నిలవడానికి చిన్న చిన్న కంచు ముక్కలు ఇరికించి, కాళ్ల వైపు నుంచి కరిగిన కంచు పోసేవారు. గాలి బుడగలు పైకి తేలి కాళ్లలో ఆగిపోతాయి, నగిషీ ఉన్న ఒళ్లు శుభ్రంగా వస్తుంది.

చెడేది ఎక్కడంటే, అచ్చులో ఏ కాస్త తడి మిగిలినా ఆవిరి పుట్టి పోత గుల్లబారుతుంది, ఒక్కోసారి అచ్చే పగులుతుంది. అచ్చు చల్లగా ఉంటే కంచు సగం దారిలోనే గడ్డకట్టి గోడలో చిల్లు పడుతుంది. దిమ్మ రవ్వంత పక్కకు ఒరిగితే ఒకవైపు గోడ దళసరి, రెండోవైపు కాగితం. ముక్కలు సరిగా అతకకపోతే సందుల్లోంచి కారిన కంచు నిలువు గీతలా నిలిచిపోతుంది, దాన్ని రాతితో అరగదీయాలి. షాంగ్ పనివాళ్లు చాలా పాత్రల మీద ఆ అతుకు చోటునే రంపపు పళ్లలాంటి పట్టీగా తీర్చి అందం చేశారు. ఆ తెలివికి దండం పెట్టాల్సిందే.

1939లో అన్‌యాంగ్ దగ్గర దొరికిన హౌమువు డింగ్ అనే నాలుగు కాళ్ల పాత్ర బరువు 832.84 కిలోలు. రాగి సుమారు 85 శాతం, తగరం 12, మిగతాది చాలావరకు సీసం. అంత కంచు ఒక్క మూసలో కరగదు. ఎన్నో మూసలు ఒకే వేళకు సిద్ధం కావాలి, ఎందరో ఒకే మాట మీద కదలాలి.

వ్యాసంలో ఆ కాలపు రైతు చేతికి కూడా కంచు కొడవలి ఇచ్చారు. అన్‌యాంగ్ రాజప్రాసాదాల దగ్గర తవ్వకాల్లో ఒక్క గోతిలోనే 444 రాతి కొడవళ్లు బయటపడ్డాయి. కంచు ప్రధానంగా పూజకూ యుద్ధానికీ పోయింది, కొర్రచేను కోసింది ఎక్కువగా రాయే. రాజు గారి ఆవరణలో అన్ని కొడవళ్లు ఒక్కచోట ఉన్నాయంటే పనిముట్లు కోతకు ఇచ్చి మళ్లీ లెక్కపెట్టి తీసుకున్నారని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. అది నాకు సబబుగానే తోస్తుంది.

కోట గోడలూ ఆ లోయస్ మట్టివే. షాంగ్‌ల తొలినాటి నగరం జెంగ్‌జౌలో సుమారు 3500 ఏళ్ల నాటి గోడ చుట్టుకొలత దాదాపు 7 కిలోమీటర్లు. పలకల మధ్య మట్టి పోసి దిమ్మిసతో కొడితే ఒక్కో వరస 8 నుంచి 10 సెంటీమీటర్లకు అణుగుతుంది. మట్టిలో నీరు ఎక్కువైతే దిమ్మిసకు అంటుకుని పక్కలకు ఉబ్బుతుంది తప్ప అణగదు. మరీ పొడిగా ఉంటే వరసకూ వరసకూ పట్టు ఉండదు. ఈ గోడకు పదివేలమంది 18 ఏళ్లు పనిచేసి ఉంటారని తవ్వకాలు జరిపిన ఆన్ జిన్‌హువాయ్ అంచనా. అంతమందికి తిండి పెట్టి పనిచేయించగలిగిన అధికారం ఎంతటిదో ఆ వరసలు చూస్తే తెలుస్తుంది.

వంటిల్లు సంగతి వ్యాసంలో అసలే లేదు. కింద బోలు కాళ్ల కుండలో నీళ్లు, పైన అడుగున చిల్లులున్న కుండలో కొర్రలు. మన ఇడ్లీ పాత్రలాగే ఆవిరి మీద ఉడకడం. కాళ్లు బోలు కావడంతో మంట తగిలే చోటు పెరిగి నీళ్లు త్వరగా మరుగుతాయి. ఈ కుండల రూపాలు కంచుకన్నా ముందువి. పూజా పాత్రలు చేసిన పోతవాళ్లు వీటినే కంచులో దింపారు.

సవరణ వేసేటప్పుడు మైనపు పోత మాట తీసేయడంతో సరిపెట్టకుండా, మూడు ముక్కల మట్టి అచ్చు, లోపలి దిమ్మ, మధ్య ఎడం కనిపించేలా ఒక అడ్డుకోత బొమ్మ కూడా వేయించగలరు.

– ఒక పాఠకుడు, హనుమకొండ