ఏజెంటు పక్కన లేనప్పుడు అడగండి: విదేశీ వ్యవహారాల శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. గల్ఫ్‌కు కూలి పనికి వెళ్లేవారికి అనుమతులిచ్చే మీ అధికారులు, చైనా తీరంలో ఒకప్పుడు జరిగిన తనిఖీల గురించి ఒక్కసారి చదవాలని ఈ లేఖ రాస్తున్నాను.

1855లో బ్రిటిష్ పార్లమెంటు చైనా ప్రయాణికుల చట్టం చేసింది. హాంకాంగ్ నుంచి 20 మందికి మించి కూలీలతో దూరదేశాలకు బయల్దేరే ఓడను ఎమిగ్రేషన్ అధికారి తనిఖీ చేయాలి. ఎక్కడికి వెళ్తున్నారో తెలుసా, ఒప్పందం అర్థమైందా, ఇష్టపడే వెళ్తున్నారా అని కూలీలను అడగాలి. అక్కడ ఆ బాధ్యత హార్బర్ మాస్టర్‌కే అప్పగించారు. కాగితం మీద ఏ లోటూ లేదు.

కానీ 7 రోజుల్లోపు ప్రయాణాలకు ఆ చట్టం వర్తించదు. పక్కనే పోర్చుగీసువారి మకావు ఉంది. అక్కడి నుంచి కదిలే పరాయి దేశాల ఓడల మీద బ్రిటిష్ చట్టానికి పట్టు లేదు. దళారులకు ఇంకేం కావాలి? క్యూబాకు, పెరూకు మనుషుల్ని ఎగుమతి చేసే వ్యాపారం మకావుకు మారిపోయింది.

మకావులోనూ అధికారి ఉన్నాడు, అడిగాడు కూడా. ఏం జరిగిందో కూలీలే చెప్పారు. చెన్ లాన్‌పిన్ నాయకత్వంలో చైనా పంపిన కమిషన్ 1874లో క్యూబాలో వెయ్యికి పైగా వాంగ్మూలాలు తీసుకుంది. ఇష్టం లేదన్నవాణ్ణి మళ్లీ దళారి కొట్టంలోకే తోలేవారు. అక్కడ తన్నులు తిన్నాక, రెండోసారి అడిగితే 'ఇష్టమే' అనేవాడు. కొందరి బదులు వేరేవాళ్లు నిలబడి జవాబిచ్చారు. నెలకు 4 పెసోలకు 8 ఏళ్ల చాకిరీ అని రాసిన ఒప్పందం మీద బలవంతంగా సంతకాలు పెట్టించారు. పదిమందిలో ఎనిమిది, తొమ్మిదిమంది ఇష్టం లేకుండా వచ్చినవాళ్లేనని కమిషన్ తేల్చింది. 1872లో మకావు నుంచి బయల్దేరిన మరియా లూజ్ ఓడ యొకొహామాలో ఆగినప్పుడు, ఒక కూలీ సముద్రంలో దూకి బ్రిటిష్ యుద్ధనౌక దాకా ఈదాడు. ఆ తర్వాత జపాన్ కోర్టు రెండు వందల మందికి పైగా కూలీలను విడిపించింది.

మనవాళ్లను ఎవరూ కొట్టి విమానం ఎక్కించడం లేదు, నిజమే. ఆ పని అప్పు చేస్తోంది. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో వడ్డీకి తెచ్చి ఏజెంటు చేతిలో పోసినవాడు, చివరి నిమిషంలో అనుమానం వచ్చినా ఆగలేడు. ఇక్కడ చూపిన జీతం ఒకటి, అక్కడ దిగాక ఇచ్చేది ఒకటి. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాస్ కానివారు గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి, తప్పనిసరి, కానీ ఆ కాగితాలన్నీ నడిపించేది ఏజెంటే. విజిట్ వీసా మీద పంపేస్తే ఆ క్లియరెన్స్ కూడా అక్కర్లేదు. నాటి మకావు దారి ఇదే కదా, మంత్రి గారూ!

అందుకే అడుగుతున్నాను. క్లియరెన్స్ ఇచ్చే ముందు ఆ అనుమతులు చూసే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు కార్మికుడితో నేరుగా మాట్లాడాలి. తెలుగులో, ఏజెంటు పక్కన లేకుండా. ఒప్పందం తెలుగులో చదివి వినిపించాలి. ఎంత కట్టావు, ఎవరికి కట్టావు, అప్పు ఎక్కడ తెచ్చావు అని అడిగి రాసుకోవాలి. విజిట్ వీసా మీద పనికి పంపే ఏజెంట్ల మీద కేసులు పెట్టాలి. 'నేను వెళ్లను సార్' అన్నవాడికి అతని పాస్‌పోర్టూ, కట్టిన సొమ్మూ ఏజెంటు నుంచి అక్కడికక్కడే తిరిగి ఇప్పించే అధికారం ఆ ఆఫీసుకు ఇవ్వండి.

ఇట్లు,
జగిత్యాల జిల్లా పౌరుడు