మాత్రలు మరిచిపోయేవాళ్లను తిట్టేముందు

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు 1న ఎయిడ్స్ దినం సందర్భంగా మీ పత్రికలో వచ్చిన ప్రత్యేక పేజీ చదివాను. హెచ్‌ఐవీ రోగనిరోధక శక్తిని ఎలా దెబ్బతీస్తుందో, మందులు ఎందుకు మానకూడదో బాగా రాశారు. కానీ పేజీ మొత్తం వెతికినా మెదడు అన్న మాట గానీ, నరాలు అన్న మాట గానీ ఎక్కడా కనపడలేదు. ఇది మీ ఒక్కరి లోపం కాదు. నేను 2008 నుంచి ఒక ఏఆర్‌టీ సెంటర్లో (హెచ్‌ఐవీకి ఉచితంగా మందులిచ్చే కేంద్రం) కౌన్సిలర్‌గా పనిచేసి, మొన్న మార్చిలో మానేశాను. హెచ్‌ఐవీ మెదడునీ నరాలనీ కూడా దెబ్బతీస్తుందన్న మాట మొదటి పదేళ్లు నేనూ ఎవరికీ చెప్పలేదు. నాకే సరిగ్గా తెలియదు. తెలియకపోవడం వల్ల ఒక మనిషిని అన్యాయంగా తిట్టాను. అది చెప్పుకోవాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆయన దర్జీ. మేమంతా మాస్టారూ అనేవాళ్లం. 2010లో మా దగ్గరికి వచ్చేటప్పటికి ఆయన సీడీ4 లెక్క (రక్తంలో రోగనిరోధక కణాలు ఎన్ని ఉన్నాయో చెప్పేది) 64. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇది 500 పైనే ఉంటుంది. 200 కంటే తగ్గిందంటే ఏ జబ్బైనా తలుపు తీసుకుని లోపలికి వచ్చేస్తుంది. భార్య, టెన్త్ చదివే కూతురు చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. మందులు మొదలుపెట్టిన ఆరు నెలలకు కాస్త ఒళ్లు పట్టి మళ్లీ మెషీన్ ఎక్కాడు. ఆ ఏడాది దసరాకు మా సెంటర్లో నర్సమ్మలందరి జాకెట్లూ ఆయనే కుట్టాడు.

అప్పట్లో ఇచ్చే మందుల్లో స్టావుడిన్ ఉండేది. అది నరాలను దెబ్బతీస్తుంది. అరికాళ్లు మంటలనీ, రాత్రుళ్లు తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటున్నామనీ చెప్పినవాళ్లు ఎంతమందో. మాస్టారికి మంట తగ్గాక తిమ్మిరి మిగిలిపోయింది. "మెషీన్ తొక్కుతుంటే కాలు పెడల్ మీద ఉందో లేదో వంగి చూసుకోవాల్సి వస్తోందమ్మా" అన్నాడొకసారి. మందు మార్చారు. స్టావుడిన్‌ను క్రమంగా మానెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది, మన దగ్గర అది పూర్తిగా పోవడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. కాళ్ల తిమ్మిరికి ఆ మందొక్కటే కారణం అనుకున్నాను. మందు మొదలుపెట్టకముందే వైరస్ కూడా అదే పని చేయగలదని తర్వాత తెలిసింది.

2018లో అసలు సంగతి జరిగింది. నెలకొకసారి వచ్చినప్పుడు డబ్బాలో ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టడం మా పని. అప్పటికి రాత్రిపూట ఒక్క మాత్ర, డబ్బాకు 30. మాస్టారు తెచ్చిన డబ్బాలో 11 మిగిలాయి. అంతకు ముందు నెల 7. నేను గట్టిగా అడిగాను. "వేసుకున్నానమ్మా" అన్నాడు. డబ్బా బల్ల మీద బోర్లించి, ఒక్కొక్క మాత్రా వేలితో జరుపుతూ ఆయన ముందే లెక్కపెట్టాను. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకు వినపడేలా, "గవర్నమెంటు ఉచితంగా ఇస్తే ఇంత నిర్లక్ష్యమా, పిల్ల పెళ్లి చూడాలని లేదా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆ మాత్రల వంకే చూస్తూ కూర్చున్నాడు. అబద్ధం దొరికిపోయిన మనిషి ముఖం కాదది. ఆ రోజు నాకు అర్థం కాలేదు.

వారం తర్వాత కూతురు ఒక్కతే వచ్చింది. "నాన్న ఈమధ్య అదోలా ఉంటున్నాడు మేడమ్" అంటూ చెప్పుకొచ్చింది. ముప్పై ఏళ్లుగా కొలతలు కాగితం మీద రాసి ఎరగడు. టేపు తీసి ఛాతీ, నడుం, చంక, చెయ్యి చూసుకుంటే అన్నీ బుర్రలోనే ఉండేవి. ఇప్పుడు టేపు తీసి, బల్ల దగ్గరికొచ్చి సుద్ద పట్టుకునేలోపు మరిచిపోతున్నాడు. ఒక పిల్ల పెళ్లి జాకెట్‌కి రెండు చేతులూ ఒకే వైపువి కుట్టాడు. కాజాలు గుండీలకు ఎదురుగా పడటం లేదు. అన్నం తిన్నాక మళ్లీ కంచం ముందు కూర్చుంటున్నాడు. తాగుడు మొదలుపెట్టాడేమోనని ఊళ్లో అనుకుంటున్నారట.

అప్పుడు మా సెంటర్‌కు వచ్చి వెళ్తుండే ఒక యువ డాక్టరు ఆయన్ని పిలిపించి ఒక చిన్న పరీక్ష చేశారు. మెషీన్ లేదు, రక్తం లేదు, రూపాయి ఖర్చు లేదు. నాలుగు మాటలు చెప్పారు: కుక్క, టోపీ, చిక్కుడు, ఎరుపు. గుర్తుపెట్టుకోమన్నారు. తర్వాత బొటనవేలికి చూపుడువేలు ఎంత త్వరగా తగిలించగలవో చూపించమని అయిదు సెకన్లు లెక్కపెట్టారు. ఆ తర్వాత చేతిని బల్ల మీద పిడికిలిగా, అరచేయిగా, పక్కవాటుగా, ఇలా వరసగా పెట్టమన్నారు. పిడికిలి, అరచేయి వచ్చాయి. మూడోది రాలేదు. మళ్లీ పిడికిలి, అరచేయి. సూదిలో దారం చీకట్లో ఎక్కించగలిగిన చెయ్యి అది! చివరికి ఆ నాలుగు మాటలూ అడిగారు. "టోపీ" అన్నాడు. అంతే. జంతువు అని సాయం ఇస్తే కుక్క వచ్చింది. కూరగాయ, రంగు అన్నా తక్కిన రెండూ రాలేదు. మొత్తం 12 మార్కులు. 10 గానీ అంతకు తక్కువ గానీ వస్తే ఇంకా లోతుగా చూడాలి. ఆయనకు అందులో సగం కూడా రాలేదు. నేను తల వంచుకుని రిజిస్టరులో ఏదో రాస్తున్నట్టు కూర్చున్నాను.

ఒక్క ఈ పరీక్షతోనే జబ్బు తేలిపోదు. తలకు స్కాన్, థైరాయిడ్, బీ12, సిఫిలిస్ పరీక్ష, డిప్రెషన్ ఉందా అన్నది, మందుల్లో ఎఫావిరెంజ్ వల్ల తల తిప్పటమా అన్నది, అన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చారు. రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష మన దగ్గర మామూలుగా చేయడం అప్పుడప్పుడే మొదలైంది, అదీ చేయించారు. చాలా ఎక్కువ ఉంది. మాత్రలు మరిచిపోతున్నందుకు వైరస్ పెరిగింది, వైరస్ పెరిగినందుకు మరుపు పెరిగింది. నేను దాన్ని నిర్లక్ష్యం అన్నాను.

మాస్టారికి అర్థమయ్యేలా ఆ డాక్టరు చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. మీ పాఠకుల కోసం నాకు వచ్చినట్టు రాస్తాను. మన కణంలో డీఎన్‌ఏ అంటే కాగితం కటింగుల కట్ట లాంటిది. ఆ కటింగు చూసి గుడ్డ, అంటే ఆర్‌ఎన్‌ఏ అనే నకలు, కత్తిరిస్తాం. ఎప్పుడూ ఈ వరసే. ఈ జాతి వైరస్ మాత్రం వెనక్కి నడుస్తుంది. తను గుడ్డగా వచ్చి, తన కొలతలతో కాగితం కటింగు తయారుచేసి, మన కట్టలో కలిపి కుట్టేస్తుంది. వీటిని రెట్రోవైరస్‌లు అనేది అందుకే. ఇక ఆ కణం బతికున్నంత కాలం ఆ కటింగు అందులో ఉంటుంది. మందు వేసుకుంటే వైరస్ కొత్త కణాల కట్టల్లో తన కటింగు కలపడం ఆగుతుంది గానీ, ఇప్పటికే చేరిన కట్టలోంచి కాగితం పోదు. మందు మానకూడదని మేం గొంతు చించుకునేది ఇందుకే.

ఆ వైరస్ ఎక్కువగా దూరేది సీడీ4 కణాల్లోకి. ఒంట్లోకి ఏ సూక్ష్మజీవి వచ్చినా మిగతా కణాలను పిలిచి పనులు పురమాయించేవి అవే. వాటిని తినేస్తే తక్కిన సైన్యం ఉన్నా లేనట్టే. ఇంతవరకు అందరికీ తెలుసు. చెప్పనిది ఏమిటంటే, వైరస్ సోకిన కొద్ది వారాల్లోనే అది మెదడుకీ చేరుతుంది. రక్తంలోంచి మెదడులోకి ఏది పడితే అది పోకుండా గట్టి కాపలా ఉంది. కానీ కొన్ని తెల్ల కణాలకు ఆ కాపలా దాటి వెళ్లే వీలుంది, వాటి కడుపులో కూర్చుని ఇదీ వెళ్తుంది. వెళ్లి నరాల కణాలను నేరుగా పెద్దగా ముట్టుకోదు. మెదడును శుభ్రం చేస్తూ కాచుకునే మైక్రోగ్లియా అనే కణాల్లో కాపురం పెడుతుంది. అవి రెచ్చిపోయి విడుదల చేసే పదార్థాలు, వైరస్ ప్రొటీన్లు కలిసి పక్కనున్న నరాల కణాలను నలిపేస్తాయి. వాపు నిప్పు రాజుకున్నట్టు లోపల ఉంటుంది. సీడీ4 ఒకప్పుడు బాగా పడిపోయినవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. కొందరిలో రక్తంలో వైరస్ కనపడనంత తగ్గిపోయాక కూడా కాస్త మందగింపు మిగిలిపోతుంది.

రెట్రోవైరస్‌లకు నరాల మీద కన్నుపడటం కొత్త కాదు. మనుషుల్లో మొదట బయటపడిన రెట్రోవైరస్ హెచ్‌ఐవీ కాదు, 1980లో ప్రకటించిన హెచ్‌టీఎల్‌వీ-1. దక్షిణ జపాన్‌లోనూ కరీబియన్ దీవుల్లోనూ అది ఎక్కువ. సోకినవాళ్లలో చాలామందికి ఏమీ కాదు, కొందరికి మాత్రం ఒక రకం రక్త క్యాన్సర్ వస్తుంది, ఇంకొందరికి వెన్నుపాము దెబ్బతిని కాళ్లు బిగుసుకుపోతాయి.

వైరస్ తానుగా చేసేది ఒకటైతే, సీడీ4 పడిపోయిన సందు చూసి మెదడులోకి వచ్చే జబ్బులు ఇంకొకటి. ఇక్కడ నాకు గుర్తొచ్చేది ఇరవై ఆరేళ్ల అమ్మాయి. రెండు వారాలుగా తలనొప్పి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మాత్రలు, తర్వాత కళ్లద్దాలు. మా దగ్గరికి వచ్చేసరికి వాంతులు, వెలుతురు చూడలేకపోవడం. సీడీ4 వందకు బాగా తక్కువ. క్రిప్టోకాకస్ అనే బూజు మెదడు పొరలకు పట్టి ఉంటుందని డాక్టర్లు అనుమానించారు. వెన్నులోంచి నీరు తీసి చూడాలన్నారు. అత్తగారు ఒప్పుకోలేదు. "వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయి" అని పట్టుబట్టింది. నడుం దగ్గర గుచ్చే సూది వెన్నుపాము ముగిసిన చోటికి కింద గుచ్చుతారనీ, ఈ జబ్బులో తలలో ఒత్తిడి తగ్గించడానికి ఆ నీరు తీయడమే ఒక వైద్యమనీ గంటసేపు చెప్పాను. మర్నాడు ఒప్పుకున్నారు. ఆ ఒక్క రోజు చాలా ఎక్కువైంది. ఆ అమ్మాయి దక్కలేదు. దయచేసి మీ ఆరోగ్యం పేజీలో ఈ ఒక్క భయం గురించైనా రాయండి. ఇదే బూజును తలనొప్పి రాకముందే ఒక రక్తపు చుక్కతో స్ట్రిప్ మీద పట్టుకోవచ్చు. సీడీ4 వందలోపు ఉన్న ప్రతి ఒక్కరికీ అది చేయాల్సిందే.

ఇది మన గడప దాటిన విషయం కాదు. 2021 న్యాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) అంచనాల ప్రకారం దేశంలో సుమారు 24 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తుంటే, అందులో 3 లక్షల 20 వేలకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నారు. మహారాష్ట్ర తర్వాత మనమే. 2004 ఏప్రిల్‌లో ఉచిత మందులు మొదలైనప్పటి నుంచి వేసుకుంటున్నవాళ్లు ఇప్పుడు యాభైల్లో, అరవైల్లో పడ్డారు. వయసు మరుపూ వైరస్ మరుపూ కలిసివచ్చే కాలం ఇది.

నేను అడిగేది పెద్ద బడ్జెట్ కాదు. ఏడాదికోసారి ప్రతి పేషెంటుకీ ఆ నాలుగు మాటల పరీక్ష చేసి, మార్కులు వాళ్ల తెల్లకార్డులో (సెంటర్లో ఉండే చికిత్స రికార్డు) రాయాలి. అయిదు నిమిషాల పని. మాత్రలు మిగిలితే "ఎందుకు వేసుకోలేదు" అనేముందు "పనిలో ఏమైనా తేడా వస్తోందా, వండేటప్పుడు ఉప్పు రెండుసార్లు పడుతోందా, దారి తప్పుతున్నారా" అని అడగాలి. ఒంటరిగా వచ్చేవాళ్లతో ఇంట్లోవాళ్లను ఒకసారి రమ్మనాలి, పేషెంటు ఒప్పుకుంటేనే. కౌన్సిలర్ల ట్రైనింగులో దీనికి ఒక పూట కేటాయించాలి.

ఒక మాట భయంతోనే రాస్తున్నాను. మెదడు మాట ఎత్తగానే "అయితే వీళ్లను పనిలో పెట్టుకోకూడదు" అనే యజమానులు ఉంటారు. అలా తీసేయడం 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం నేరుగా తప్పు. మందులు సక్రమంగా వాడేవాళ్లలో మతిస్థిమితం కోల్పోయేంత తీవ్రమైన స్థితి ఇప్పుడు అరుదు. మందులతో వైరస్ కనపడనంత తగ్గి, అలాగే ఉంటే భార్యాభర్తల మధ్య కూడా అది అంటదు. లారీలు నడిపేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు, మిరప కోతలకు వెళ్లేవాళ్లు నాకు వందల్లో తెలుసు. నేను మాట్లాడేది ఎవరికి తేడా వచ్చిందో వాళ్లను ముందే పట్టుకోవడం గురించి.

మాస్టారి సంగతి చెప్పాలి. కూతురు సెల్‌ఫోనులో రాత్రి ఎనిమిదికి అలారం పెట్టింది. మాత్ర వేసుకున్నాక గోడ మీద క్యాలెండరులో ఆ రోజు గడికి సూదితో చిన్న గాటు పెడతాడు. అది ఆయన సొంత ఆలోచన. తర్వాత డొలుటెగ్రావిర్ ఉన్న మాత్రకు మార్చారు. వైరల్ లోడ్ కనపడనంతకు వచ్చింది. కటింగ్ మళ్లీ చేయలేకపోయాడు. కొలతలు పుస్తకంలో రాసుకుంటాడు, కూతురు కత్తిరిస్తుంది, కాజాలూ హుక్కులూ ఆయన వేస్తాడు. నేను మానేసే ముందు చివరిసారి పరీక్ష చేసింది నేనే. కుక్క, టోపీ, చిక్కుడు వెంటనే చెప్పాడు. నాలుగోదాని కోసం కళ్లు మూసుకున్నాడు. రంగు అని సాయం ఇస్తే ఎరుపు అన్నాడు.

ఆ రోజు, ఏడేళ్ల కిందట బెంచీ మీదివాళ్లకు వినపడేలా అన్న మాటకు క్షమించమని అడిగాను. "అట్లా అన్నారా అమ్మా? నాకు గుర్తులేదు" అన్నాడు. నిజంగానే మరిచాడో, నా కోసం అన్నాడో నాకు తెలియదు.

ఈ ఉత్తరం పంపేముందు ఆయనకీ కూతురికీ చదివి వినిపించాను. దర్జీ అన్న మాట తీసేయనా అని అడిగితే ఉంచమన్నారు. నా పేరు, మా సెంటర్ ఉన్న ఊరు మాత్రం వేయకండి. అక్కడ ఆయన ఉండే వీధిలో దర్జీ ఆయనొక్కడే.

ఇట్లు,
ఒక మాజీ ఏఆర్‌టీ కౌన్సిలర్