మూసీ నీళ్లు మీ వైపే వస్తాయి కదా బావా

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి జవాబు చెప్పేలోపే మా అమ్మాయి ఫోన్ లాక్కుంది. "ఐదో తరగతి దాకా పరీక్షలే ఉండవంటావు, మరి ఏడాది చివర్లో మీకంత టెన్షన్ దేనికిరా?" అన్నావు. అది ఫోన్లో చెబితే తెగే సంగతి కాదు. పైగా నీతో ఒక పని కూడా ఉంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మీరు ఎస్‌ఏ-2 (ఏడాది చివరి పరీక్ష) పేపర్లు దిద్దేసి, ప్రోగ్రెస్ కార్డులిచ్చేసి ఏప్రిల్లోనే బడికి తాళం వేశారు. మాది హైదరాబాద్‌లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే అంతర్జాతీయ సిలబస్) బడి కదా, మాకు మే చివరి దాకా నడిచింది. పెద్దపిల్లల పరీక్షలూ ఈ నెలలోనే. పన్నెండో తరగతి వాళ్లకి ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి 7 పాయింట్లు. నాలుగు వేల మాటల వ్యాసం ఒకటి ఉంటుంది, దానికీ ఇంకో కోర్సుకీ కలిపి 3. మొత్తం 45. 24 వస్తే గట్టెక్కినట్టు. ఫలితాలు జులై మొదటి వారంలో వస్తాయి, అప్పటిదాకా ఆ ఇళ్లల్లో ఎవరికీ కంటిమీద కునుకుండదు. పదో తరగతి వాళ్లు ఏడాది పొడుగునా తలా ఒక సొంత పని చేసి చూపించాలి. ఒకబ్బాయి వాళ్ల తాతయ్య మోకాళ్ల నొప్పి చూసి ఆయన ఎత్తుకి తగ్గట్టు ఒక కుర్చీ చేశాడు. మూడుసార్లు విరిగింది, నాలుగోసారి నిలిచింది. ఇవన్నీ బాగున్నాయి గానీ నేను నీకు చెప్పాలనుకున్నది ఐదో తరగతి సంగతి.

ప్రైమరీ చదువు ముగిసే ఏడాది కాబట్టి పిల్లలు చిన్న చిన్న జట్లుగా ఏదో ఒక సమస్య తీసుకుని, కొన్ని వారాలపాటు వాళ్లే వెతికి, నలుగురిని అడిగి, చివరికి అమ్మానాన్నల ముందు నిలబడి చెప్పాలి. దీన్నే ఎగ్జిబిషన్ అంటారు. చెప్పి ఊరుకుంటే సరిపోదు, తెలుసుకున్నదాంతో ఏదైనా చేయాలి కూడా. ఒక్కో జట్టుకి ఒక టీచర్ తోడు. తెలుగు మాస్టారినైనా ఈసారి నాకూ అయిదుగురిని అప్పజెప్పారు. అందులో ఒకడు కొరియా అబ్బాయి. ఒకమ్మాయిది తెలుగు ఇల్లే, కానీ నోరు తెరిస్తే ఇంగ్లీషు. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక మాలాంటి బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అయింది. ఆ పిల్ల తెలుగు చదువుతుంది, రాస్తుంది, కానీ మాట్లాడదు. నా మనసులో ఉన్న బెంగ అదే.

మొదట "కాలుష్యం" అన్నారు. అందరూ అదే అంటారు. ఒకరోజు కొరియా అబ్బాయి, "సార్, మా బస్సు రోజూ గండిపేట పక్కనుంచి వస్తుంది. ఆ చెరువు ఎందుకు కట్టారు?" అనడిగాడు. తాగునీళ్లకి అన్నాను. నిజమే, కానీ సగం నిజం. రెండు రోజుల తర్వాత వాళ్లే వచ్చి నాకు మిగతా సగం చెప్పారు. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరదలో పదిహేను వేల మంది దాకా పోయారట. ఆ తర్వాత నిజాం మహబూబ్ అలీఖాన్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపిస్తే, ఊరికి ఎగువన జలాశయాలు కట్టి వరదని పట్టి ఉంచాలని ఆయన చెప్పాడు. అలా మూసీ మీద గండిపేట 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఉంది తెలుసా? ఆ వరదలో నూట యాభై మంది దాకా దాన్నెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. పిల్లల్ని తీసుకెళ్లాను. అయిదుగురూ మాను చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. కొరియా అబ్బాయి కింద కూర్చుని చెట్టు బొమ్మ గీసి, కొమ్మల మీద మనుషులకి బదులు చుక్కలు పెట్టడం మొదలెట్టాడు. అరవైకో ఎంతకో వచ్చేసరికి కొమ్మల మీద చోటు అయిపోయింది. పెన్సిల్ ఆపి పైకి చూస్తూ ఉండిపోయాడు. "సార్, మిగిలినవాళ్లు ఒకళ్ల ఒళ్లో ఒకళ్లు కూర్చున్నారా?" అన్నాడు. నేనేం చెప్పను?

ఇంక మోడల్. థర్మోకోల్‌తో నది, అడ్డంగా ఆనకట్ట, దిగువన అట్టముక్కలతో ఇళ్లు. ఎగ్జిబిషన్‌కి ముందురోజు రిహార్సల్లో మగ్గుతో నీళ్లు పోస్తే ఆనకట్ట మీదుగా పొర్లి ఇళ్లన్నీ తడిసి ముద్దయ్యాయి. ఒక పిల్ల ఏడ్చేసింది. చార్టులూ, టిష్యూలూ వేసి అందరం నేల తుడిచాం. అప్పుడు ఆ తెలుగింటి పిల్ల, "గేట్లు పెట్టలేదు మనం" అంది. తెలుగులోనే! ఏమీ అననట్టు ఊరుకున్నాను, అంటే మళ్లీ ముడుచుకుపోతుందని. సాయంత్రం ఆరింటిదాకా కూర్చుని ఐస్‌క్రీమ్ పుల్లలతో గేట్లు చేశారు.

అదే సమయానికి బస్సు ఆయమ్మ పిల్లల్ని పిలవడానికి వచ్చి ఆ మోడల్ చూసింది. ఆవిడ పుట్టిల్లు చాదర్‌ఘాట్ దగ్గర, మూసీ ఒడ్డున. "గేట్లెత్తితే ఏమైతదో నాకెరుక బిడ్డా" అంది. 2020 అక్టోబరు వానలకి పై గేట్లెత్తితే వాళ్లమ్మ ఇంట్లోకి నడుం లోతు నీళ్లొచ్చాయట. "కట్టుబట్టలతోటి బయటవడ్డం. బియ్యం డబ్బా తేలుకుంట పోతుంటె సూసుకుంట నిలవడ్డం" అంది. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. వాళ్ల బోర్డు మీద అప్పటికే "ఆనకట్టలతో వరద సమస్య తీరిపోయింది" అని పెద్దక్షరాలతో ఇంగ్లీషులో రాసి ఉంది. నేను ఒక్క మాట అనలేదురా. వాళ్లే వెళ్లి ఆ వాక్యం మీద తెల్లకాగితం అంటించి, "ఎవరికి తీరింది?" అని రాశారు. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, చదువు కళ్లముందు జరగడం అంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు ఆయమ్మనే రమ్మన్నారు. ప్రిన్సిపాల్ మేడమ్ సంతోషంగా ఒప్పుకున్నారు. ఎక్కడెక్కడి నుంచి సమాచారం తెచ్చారో రాసే పట్టీలో పుస్తకాలకంటే పైన ఆవిడ పేరుంది, తెలుగులో. ఆవిడ వేలు పెట్టి తడిమి చూసుకుంది. తల్లిదండ్రులు చుట్టూ చేరాక ఆవిడ తన కథ చెబుతుంటే ఆ తెలుగింటి పిల్ల పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పింది. మధ్యలో ఆగి నా చెయ్యి లాగింది. "సార్, కట్టుబట్టలంటే?" ఒంటిమీదున్న బట్టలు తప్ప ఇంకేం లేకుండా అని చెప్పాను. ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి చెప్పింది. దాన్ని కొరియా అబ్బాయి వాళ్లమ్మకి వాళ్ల భాషలో చెప్పాడు. ఆవిడ ఆయమ్మ దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. చాదర్‌ఘాట్ మాట అలా మూడు భాషలు దాటి వెళ్లింది బావా. నాకు కళ్లు చెమర్చాయి.

తర్వాత ఒక నాన్నగారు, "మా వాడి జట్టుకి ఎన్నో ప్లేస్ వచ్చింది సార్?" అనడిగారు. ప్లేసులుండవండీ అంటే ఆయన మొహం చిన్నబోయింది. ఆయన్ని తప్పుపట్టను, మనం పెరిగిందీ ర్యాంకుల్లోనే కదా. తీసుకెళ్లి "ఎవరికి తీరింది?" అన్న చోట నిలబెట్టి, దాని వెనక కథంతా చెప్పాను. చాలాసేపు అక్కడే నిలబడ్డారు. చివరి రోజు అసెంబ్లీలో కప్పులూ, ఈతపోటీల మెడల్సూ, పాటలూ అన్నీ జరిగాయి. మా వాళ్లకి అందరితోపాటు ఒక సర్టిఫికెట్ వచ్చింది, అంతే.

డబ్బున్న బడి కాబట్టి ఇవన్నీ సాగుతాయని నువ్వంటావు. బస్సు, తోటమాలి, ల్యాబ్ అన్నీ ఉన్నాయి, నిజమే. కానీ ఈ పని మొత్తానికి అయింది థర్మోకోలూ, ఐస్‌క్రీమ్ పుల్లలూ, ఒక ఆయమ్మ మాటలూ. నీ బడిలోనూ అవి దొరుకుతాయి.

ఇప్పుడు నీతో పని. తెలుసుకున్నదాంతో ఏదైనా చేయాలన్నాను కదా. మీరేం చేస్తారని అడిగితే గోడ మీద మ్యాప్ ముందు నిలబడ్డారు. వేలుతో మూసీని అనంతగిరి కొండల నుంచి గీసుకుంటూ కిందికి వెళ్లి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేచోట ఆగారు. "ఇక్కడెవరుంటారు సార్?" అన్నారు. నది దాటగానే పొందుగల, ఆ పక్కన దాచేపల్లి, అక్కడ మా బావ బడి ఉందన్నాను. ఎగిరి గంతేశారు. మనం చిన్నప్పుడు వాడపల్లి గుడికెళ్లి సంగమంలో మునిగేవాళ్లమని చెబితే, "ఆ నీళ్లు మా ఊరి నుంచే వచ్చాయా?" అని ఒకటే ప్రశ్నలు.

ఈ కవర్లో అయిదు ఉత్తరాలున్నాయి. అన్నీ తెలుగులోనే రాశారు. తప్పులున్నాయి, నేను దిద్దలేదు, నువ్వూ దిద్దకు. జూన్ 12న బడి తెరవగానే నీ ఆరో తరగతి పిల్లలకివ్వు. అక్కడ మూసీ నీళ్లు ఏ రంగులో ఉంటాయి, వాసనొస్తాయా, చేపలు పడతారా, వరదొస్తే ఎక్కడికెళతారు అని అడిగారు. నీ పిల్లల్ని ఒకసారి వాడపల్లి తీసుకెళ్లి చూపించి జవాబులు రాయించు. కొరియా అబ్బాయి ఉత్తరం కింద చింతచెట్టు బొమ్మ ఉంది, మడత పెట్టేటప్పుడు జాగ్రత్త. వాడు జులైలో వాళ్ల దేశం వెళ్లి ఆగస్టులో వస్తాడు, ఆలోపు జవాబు వస్తే బాగుంటుంది.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. పచ్చి మిరపకాయ పచ్చడి ఈసారి రెండు సీసాలు పంపమను.

నీ
బావ